గ్యారేజీలో పొయ్యి

లూమింగ్ చేసిన తప్పల్లా ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపలేకపోవడం.

ఆ మనిషి పేరు డెలానీ. నగరపాలక కార్యాలయంలో ఇన్‌స్పెక్టరు. పాత గీజరు కారిపోతుంటే తీయించేసి కొత్తది పెట్టించారు. అది సరిగ్గా బిగించారో లేదో చూసి సంతకం పెట్టి పోవడం అతని పని. గీజరేమో ఇంటి పక్కగోడకి ఆనించిన చెక్క అల్మరాలో ఉంది. అతను పక్క గేటు తీసుకొని వచ్చాడు, అల్మరా తెరిచాడు, టార్చి వేశాడు, గొట్టం మీద రెండుసార్లు తట్టాడు. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. అలాగే వెళ్ళిపోయి ఉంటే ఏ గొడవా లేదు.

"అంతా బాగుందమ్మా," అన్నాడు.

"తిన్నావా నాయనా?" అంది లూమింగ్.

"తర్వాత తింటానండీ."

"తర్వాతంటే ఎప్పుడు? పదకొండయింది. నీ మొహం చూస్తే పొద్దున కూడా ఏం తిన్నట్టు లేదు."

"మేం ఎవరింట్లోనూ ఏమీ తీసుకోకూడదమ్మా. రూలు."

"పట్టుకెళ్ళమన్నానా? ఇక్కడే తిను. తిన్నది ఎవరికి కనిపిస్తుంది?"

ఆరున్నర అడుగుల మనిషిని, భుజం దాకా కూడా రాని లూమింగ్, చొక్కా చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. ఎక్కడికి? ఇంటి ముందువైపు వంటింట్లోకి తీసుకెళ్ళినా బాగుండేది. కానీ అక్కడ ఏముంటుంది, మెరిసే గ్యాసు బల్లా, గాజు గిన్నెలూ తప్ప. తిండి ఉండేది గ్యారేజీలో. అక్కడే తీసుకెళ్ళింది.

గ్యారేజీలో మూకుడు ముందు తికాంగ్ నిలబడి, పల్చటి పిండి రేకుల్లో చుట్టిన మాంసం చుట్టలు వేయిస్తోంది. తికాంగ్ లూమింగ్‌కి ఆడపడుచు, భర్తకి అక్క. డెబ్బై అయిదేళ్ళు. కొత్త మనిషిని చూడగానే ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. డెలానీ రెండు చుట్టలు తిన్నాడు. మూడోది నోట్లో ఉండగా నమలడం నెమ్మదించింది. అతని చూపు పొయ్యి మీద పడింది. అక్కడి నుంచి సింకు మీదికి. సగం తెరిచిన తలుపులోంచి వెనక గదిలో మంచం, మంచం కింద చెప్పుల జత, గూట్లో బాలయేసు బొమ్మ.

"ఇక్కడ ఎవరుంటారమ్మా?"

"మా మనాంగ్." మనాంగ్ అంటే వాళ్ళ మాటలో అక్క. "పన్నెండేళ్ళుగా ఇక్కడే."

తికాంగ్ గరిటెతో మూకుడు అంచు మీద టంగున కొట్టింది. లూమింగ్‌కి అర్థం కాలేదు.

"ఈ పొయ్యి మా ఆయనే బిగించాడు. గ్యాసు గొట్టం కూడా తనే లాగాడు. ఒక్క మనిషి సాయం తీసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు!"

టంగ్. టంగ్.

"ఆ వెనక స్నానాల గది కూడా..."

"లూమింగ్!" అంది తికాంగ్. "ఇంక గోడల్లో పందికొక్కులుంటే అవీ చూపించు."

డెలానీ ప్లేటు కింద పెట్టాడు. మొహం కందగడ్డలా అయింది. "అమ్మా, నేను గీజరు చూసి వెళ్ళిపోవాల్సినవాణ్ణి. ఇప్పుడిది చూశాక చూడలేదని రాయలేను," అన్నాడు. గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి, "చాలా బాగున్నాయి," అని పోయాడు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. అనుమతి లేకుండా ఇంట్లో రెండో నివాసం కట్టారనీ, రెండు నెలల్లో దాన్ని రూలు ప్రకారం సరిచేయాలనీ, లేదంటే పొయ్యి తీసేసి అందులో ఎవరూ పడుకోకూడదనీ దాని సారాంశం.

లూమింగ్ అసలు పేరు ఇలుమినాదా దకనాయ్. ఇరవై మూడో ఏట ఇలోకోస్ అనే ప్రాంతం నుంచి సముద్రం దాటి పెళ్ళికూతురుగా ఈ వల్లేహో ఊరికి వచ్చింది. ఇప్పుడు అరవై ఏడు. ఐదో తరగతితో చదువు ఆగింది. ఉద్యోగం ఎరగదు. ఇల్లు, భర్త, కూతురు రోవెనా, పెరట్లో కుండీల్లో మునగ, పందిరికి కాకర, ఇంతే ఆవిడ లోకం. భర్త ఉర్బానో బస్సు డిపోలో మెకానిక్కు. రోవెనా చిన్నప్పుడు ఒకరోజు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. స్వెటరు ఎండుచేపల కంపు కొడుతోందని పక్క పిల్ల ముక్కు మూసుకుందట. ఆ శనాదివారాల్లోనే ఉర్బానో గ్యారేజీలో పొయ్యి, సింకు పెట్టేశాడు. లూమింగ్ చెయ్యి ఎత్తు కొలిచి మరీ పొయ్యి కింద బల్ల చేశాడు. వాళ్ళ దేశంలో ప్రతి ఇంటి వెనకా ఇలాంటిదొకటి ఉంటుంది. దాన్ని మురికి వంటిల్లు అంటారు. మురికేమీ ఉండదు. వేపుళ్ళూ, పొగా, ఎండుచేపలూ, ఊరబెట్టిన చేపల రసమూ దానివి. ముందు వంటిల్లు చుట్టాలకి చూపించడానికి.

తరువాత తికాంగ్ వచ్చింది. హాంకాంగ్‌లో ఇళ్ళల్లో పనిచేసి పనిచేసి, ముప్ఫై ఒక్క ఏళ్ళ తరువాత, రెండు పెట్టెలతో తమ్ముడి దగ్గరికి చేరింది. ఇంట్లో ఖాళీ గది ఇస్తానంటే వద్దంది. గ్యారేజీ వెనక సామాన్ల గది అడిగింది. ఉర్బానో దానికి కిటికీ పెట్టి, స్నానాల గది కట్టి, పెరటి వైపు ఒక తలుపు పెట్టి, తాళంచెవి అక్క చేతిలో పెట్టాడు. ఎందుకు అదే అడిగిందని లూమింగ్ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆడపడుచు, ఆవిడ ఇష్టం.

రెండేళ్ళ కిందట ఉర్బానో పోయాడు. అప్పుడు అందరూ వచ్చారు, అందరూ ఏదో ఒకటి అన్నారు. తికాంగ్ ఒక్కతే ఏమీ అనలేదు. తొమ్మిది రోజుల ప్రార్థనలయి, జనమంతా వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున, ఒక పళ్ళెం నిండా చిక్కుడుకాయలు తెచ్చి లూమింగ్ ఒళ్ళో పెట్టి, "ఈనెలు తీసిపెట్టు," అంది. మర్నాడు మునగాకు. ఆ మర్నాడు బియ్యం. అప్పటినుంచి ఇద్దరికీ ఒకటే కుండ. లూమింగ్ పొద్దున లేచి గ్యారేజీలోకి నడవడానికి కారణం ఆ కుండే. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవాల్సినంత మాటగా ఆవిడకే తోచలేదు.

అలాంటిది ఇప్పుడు ఉత్తరం వచ్చింది. తికాంగ్ దాన్ని రెండు వేళ్ళతో, కుళ్ళిన చేపని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"పిలిచి వడ్డించి మరీ ఇల్లు అప్పగించావు గదే! దొంగలొస్తే వాళ్ళకీ పీట వేస్తావు నువ్వు."

"ఆకలిగా ఉన్నాడు మనాంగ్."

"నేనూ ఆకలిగానే ఉంటాను, స్టాక్టన్‌లో. మా పిన్ని కూతురు ఎప్పటినుంచో రమ్మంటోంది."

"ఆవిడ ఇంట్లో ఏడు పిల్లులన్నారు."

"పిల్లులు ఇన్‌స్పెక్టర్లని భోజనానికి పిలవవు."

నవ్వుతూనే అంది. కానీ ఆ సాయంత్రం లూమింగ్ చూస్తుండగానే మంచం కింద ఉన్న పెట్టెలు రెండూ బయటికి లాగి దుమ్ము తుడిచింది.

మర్నాడు రోవెనా వచ్చింది. ఊళ్ళోనే పళ్ళ డాక్టరు దగ్గర పని. ఉత్తరం చదివి, "పొయ్యి తీసేయండి, అత్తని లోపలి గదిలో పడుకోమను. దీనికింత గొడవ దేనికమ్మా?" అంది. తికాంగ్ చేతిలో ఉన్న బీరకాయ చెక్కు తీస్తూనే ఉంది.

సోమవారం లూమింగ్, తికాంగ్ ఇద్దరూ చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకొని కార్యాలయానికి వెళ్ళారు. కౌంటరు వెనక లవోన్ అనే ఆవిడ, చెవులకి పెద్ద పెద్ద రింగులు. లూమింగ్ తాను గీసిన బొమ్మ ఆవిడ ముందు పెట్టింది. బిస్కెట్ల అట్టపెట్టె మీద గ్యారేజీ బొమ్మ. పొయ్యి మీద మూకుడు కూడా గీసింది.

లవోన్ కళ్ళద్దాలు కిందికి జార్చి చూసింది. "పొయ్యి ఉందన్నమాట."

"చిన్నదే అమ్మాయ్. రెండు బర్నర్లు."

"చిన్నదైనా పొయ్యే కదమ్మా. వండుకోడానికి చోటు, పడుకోడానికి చోటు, స్నానానికి చోటు, బయటికి తలుపు. ఈ నాలుగూ ఉంటే మా లెక్కలో అది గది కాదు. ఇల్లు."

"మా తమ్ముడు పెట్టిన పొయ్యిని పొయ్యి కాదంటోందా ఈవిడ?" అని తికాంగ్ లూమింగ్ చెవిలో అడిగింది.

"కాదనట్లేదు మనాంగ్. మరీ పొయ్యి అంటోంది."

లవోన్‌కి నవ్వొచ్చింది. ఆపుకొని, రెండు కాగితాలు తీసి పక్కపక్కన పరిచింది. "చూడండి. మొదటిది, గది. పొయ్యి తీసేయాలి, పెరటి తలుపు మూసేసి ఇంట్లోంచి తలుపు తెరవాలి. అప్పుడది మీ ఇంట్లో ఇంకో పడకగది. రెండోది, ఇల్లు. పొయ్యి ఉంచుకోవచ్చు, తలుపు ఉంచుకోవచ్చు. కానీ మధ్య గోడ మంటలు అంటుకోకుండా కట్టాలి, కిటికీ మనిషి దూకేంత పెద్దది పెట్టాలి, పొగ అలారం పెట్టాలి. దానికి వేరే నంబరిస్తాం. వెనకటి రోజుల్లో అయితే ఒక ఇంటి స్థలంలో రెండో ఇల్లంటే ఒప్పుకొనేవాళ్ళం కాదు. ఇప్పుడు రూలు మారింది. కారు పెట్టే చోటు పోయినా అడగం."

"వేరే నంబరంటే వేరే ఇల్లేనా?"

"వేరే ఇల్లే."

వేరే ఇల్లు, వేరే పొయ్యి, వేరే గుమ్మం. వేరు కుంపటి పెట్టుకోమని నగరమే కాగితం మీద రాసిస్తోంది. లూమింగ్ ఆడపడుచు వైపు చూసింది. తికాంగ్ గోడ మీద గడియారం చూస్తోంది.

"మనాంగ్, ఏది రాయను?"

"నీ ఇల్లు. నీ ఇష్టం."

లూమింగ్ మొదటి కాగితం మీదే సంతకం పెట్టింది. పొయ్యి పోతే పోయింది, ముందు వంటింట్లో కిటికీ తీసి వండుకుంటారు. మధ్యలో తలుపు వస్తుంది, మనిషి ఇంట్లోనే ఉంటుంది. బస్సులో వస్తూ, ఇద్దరికీ సరిపోయేలా చేశాననుకొంది. తికాంగ్ దారంతా ఒక్క వెటకారం కూడా ఆడలేదు. అది కదా అనుమానించాల్సింది.

బుధవారం పొద్దున గ్యారేజీలో కుండ పొయ్యి మీద లేదు. వెనక గదిలో తికాంగ్ బాలయేసు బొమ్మని తువ్వాలులో చుడుతోంది. పెట్టెలు రెండూ నిండిపోయాయి.

"ఇదేంటి మనాంగ్? అంతా కుదిరింది కదా!"

"కుదిరింది. స్టాక్టన్‌కి బస్సు పదకొండింటికి."

"పిల్లుల మధ్య ఎలా ఉంటారు?"

"అక్కడా వేరే గది ఇస్తానంది. గడియ ఉందట."

"ఇక్కడా ఇస్తున్నాం కదా గది! మధ్యలో తలుపు కూడా..."

"ఆ తలుపేనే," అంది తికాంగ్. బొమ్మని పెట్టెలో పెట్టి, దాని పక్కన మంచం మీద కూర్చుంది. "హాంకాంగ్‌లో ఆఖరి ఇంట్లో పదకొండేళ్ళున్నాను. నా గది వంటింటి పక్కన. గదిలోనే వాళ్ళ బట్టల మిషను. తలుపుకి గడియ లేదు, ఎందుకంటే అమ్మగారికి ఎప్పుడు బట్టలు వెయ్యాలనిపిస్తే అప్పుడు రావాలిగా. నేను జుట్టు దువ్వుకుంటుంటే వచ్చేది, మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తుంటే వచ్చేది. మంచిదే పాపం. తిట్టదు. 'నువ్వు కానీ తికాంగ్' అంటూ మిషను తిప్పేది. దానికి ముందు ఇంట్లో సోఫా వెనక పడుకున్నాను. దానికి ముందు పిల్లల గదిలో నేల మీద. ఇక్కడికి వచ్చినరోజు బనోంగ్ నాకు తాళంచెవి ఇచ్చాడు." తమ్ముణ్ణి ఆవిడ బనోంగ్ అనే పిలిచేది. "ఆ రోజు తలుపు వేసుకొని, తీసి, మళ్ళీ వేసుకొని, ఎన్నిసార్లు చేశానో. నీకు చెప్తే నవ్వుతావు."

లూమింగ్ నవ్వలేదు.

"మరి కౌంటరు దగ్గర ఆ ముక్క చెప్పచ్చుగా!"

"ఎలా చెప్పను? ఇల్లు నీది. తమ్ముడు లేడు. నాకు వేరే ఇల్లు కావాలని మరదల్ని అడగనా? జనం ఏమంటారు, మొగుడు పోయి రెండేళ్ళయిందో లేదో, ఆడపడుచు ఇల్లు పంచుకుందంటారు."

"జనం నోట్లో నా ఎండుచేప పెడతాను," అంది లూమింగ్. ఆవిడ నోట ఇంత పెద్ద మాట రావడం చూసి తికాంగ్ తల ఎత్తింది. "ఆ పెట్టెలు విప్పండి. నేను కార్యాలయానికి పోయి ఆ కాగితం మార్పించి వస్తాను."

"వేరు పడతాం కదే."

"పడదాం. మీరు ఏడు పిల్లుల దగ్గర ఉండేకంటే గోడ అవతల ఉండడం నయం."

అంది కానీ, బస్సులో ఒక్కతే కూర్చున్నాక లూమింగ్‌కి కళ్ళు నిండాయి. రేపటినుంచి ఒక గుప్పెడు బియ్యం తన కోసం వేరే వండుకోవాలి. అయినా దిగాల్సిన చోటే దిగింది.

లవోన్ కొత్త కాగితం ఇస్తూ, "మనసు మార్చుకొన్నారా?" అంది.

"మా ఆడపడుచుకి ఇల్లు కట్టిస్తున్నాం," అంది లూమింగ్. "పక్కనే. మా ఇంట్లోనే."

లెక్కలూ, పటాలు గీయించడం రోవెనా చూసుకుంది. పనికి తమ ఊరివాళ్ళ సంఘం నుంచి ప్రతి శనివారం ఆరేడుగురు వచ్చేవారు. మేస్త్రీ పని వచ్చినవాళ్ళు ఇద్దరు, తిండికి వచ్చినవాళ్ళు మిగతావాళ్ళు. ఉర్బానో లాగిన గ్యాసు గొట్టం తీసేసి అనుమతున్న మనిషి చేత కొత్తది వేయించారు. పాత గొట్టం చూసి ఆ మనిషి, "ఎవరు వేశారోగానీ ఎక్కడా గ్యాసు కారలేదు," అన్నాడు. లూమింగ్ పందిరి కిందికి పోయి కాసేపు కాకర ఆకులు తుంచి వచ్చింది. పొయ్యి కింది బల్ల మాత్రం అలాగే ఉంచమంది. ఉంచారు.

ఆఖరి తనిఖీకి మళ్ళీ డెలానీయే వచ్చాడు. గేటు దగ్గరే చేతిలో ఉన్న డబ్బా పైకెత్తి చూపించాడు. "తినే వచ్చానమ్మా. ఇంకా మిగిలింది కూడా."

"ఏం తిన్నావు?"

"శాండ్‌విచ్."

"అయ్యో," అంది లూమింగ్.

కానీ తికాంగ్ తన గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఈసారి ముందు పని, తరువాత మాటలు. చెప్పులు విప్పి లోపలికి రా." ఆరున్నర అడుగుల డెలానీ బూట్లు విప్పాడు. అలారం నొక్కాడు, కిటికీలోంచి తల బయట పెట్టాడు, పొయ్యి వెలిగించి ఆర్పాడు. సంతకం పెట్టి, నంబరు రాసిన పచ్చ కాగితం ఇచ్చాడు. నాలుగు వందల పదిహేడు, బి.

"బి ఏంటి?" అంది తికాంగ్. "నేను ఈ ఇంటి ఆడపడుచుని. వయసులో పెద్దదాన్ని. ఏ నాకివ్వాలి."

"ముందిల్లు ఏ అమ్మా."

"ముందు పుట్టింది నేను!"

"మనాంగ్, ఊరుకోండి, మళ్ళీ అట్టముక్క మీద బొమ్మ గీయాలి," అని లూమింగ్ బతిమాలింది.

మర్నాడు లూమింగ్ ముందు వంటింట్లో నిలబడి, మెరిసే పొయ్యి మీద చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం పెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ పొయ్యి మీద అన్నం వండింది లేదు. అది ఉడుకుతుందో లేదో కూడా నమ్మకం లేదు. ఎదురుగా కొత్త గోడ. మంటలు అంటుకోని గోడ. మాటలు కూడా దాటవేమోననుకుంది.

దాటాయి. ధబధబా గోడ మీద గరిటె దెబ్బలు.

"లూమింగ్! ఏమే! కుండెడు అన్నం వార్చి కూర్చున్నాను, ఒక్కదాన్నే ఏం చేసుకోను? నీకు కాళ్ళు లేవా? బయటికొచ్చి, చుట్టు తిరిగి రా. తలుపు కొట్టి రా, నా ఇల్లు అది!"

లూమింగ్ గుప్పెడు బియ్యం గిన్నె దించేసి, పెరటి మీదుగా తిరిగి వెళ్ళి తలుపు కొట్టింది. "ఎవరూ?" అంది లోపలినుంచి తికాంగ్, ఎవరో తెలిసి కూడా. అప్పటినుంచి రోజూ అలాగే అడుగుతుంది. అడిగించుకోవడానికే లూమింగ్ రోజూ కొడుతుంది.

మూడో వారంలో బి ఇంటి ఉత్తరాల పెట్టెకి మొదటి ఉత్తరం వచ్చింది. తివాచీలు ఉతికే కంపెనీ వాళ్ళ రంగుల కాగితం. పేరు లేదు, 'ఈ ఇంట్లో ఉండేవారికి' అని ఉంది. కింద నాలుగు వందల పదిహేడు బి. తికాంగ్ కళ్ళద్దాలు పెట్టుకొని తను చదివింది, ఆ తరువాత లూమింగ్ చేత చదివించింది.

"ఊరికే పంచే కాగితం మనాంగ్. పారేయండి."

"మన ఇంటికి రాసినవాళ్ళకి బదులు చెప్పకపోతే మర్యాద కాదు," అని తికాంగ్ ఫోను తీసి నంబరు నొక్కింది. లూమింగ్ పొయ్యి దగ్గర ఎండుచేపలు వేయిస్తోంది.

"హలో. మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. మా ఇంట్లో తివాచీ లేదు, నేల నున్నటిది, తుడుచుకుంటే పోతుంది... లేదమ్మా, ఏం అక్కర్లేదు, చెబుదామనే చేశాను... అడ్రసా? రాసుకో. నాలుగు... ఒకటి... ఏడు..."

నూనె చిటపటలాడుతోంది. అవతలివాళ్ళకి వినపడదేమోనని లూమింగ్ మంట తగ్గించింది.

"బి," అంది తికాంగ్ నిదానంగా. "అవును, బి. రాశావా? ఏదీ, మళ్ళీ చదువు." వాళ్ళు చదువుతుంటే తల ఊపుతూ విని, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి తిరిగింది.

"మంట ఎందుకు తగ్గించావే? చేప మెత్తబడి చస్తుంది, పెంచు!"